గోడలో పూడ్చిన డబ్బీ

తమ్ముడు మురళి ఫోన్ చేసి, "అక్కా, నడిమి గోడ కొట్టేస్తా ఉండాము. నాయన కట్టిన గోడ గదా, నువ్వొకసారి వచ్చి చూసిపో" అన్నాడు. నాకు ముందు గుర్తొచ్చింది నాయన కాదు, ఆ గోడలో ఉన్న డబ్బీ. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, ఇనపది. దాన్ని అక్కడ పెట్టింది నేను. దాని మీద సిమెంటు పూసింది నాయన. అదేం డబ్బీయో, ఎందుకు పెట్టినానో ఆయనకు సగమే తెలుసు. మిగిలిన సగం తెలియకుండానే పోయినాడు. ఆదివారం పొద్దున నేనుండే సత్తువాచారిలో షేర్ ఆటో ఎక్కి, వేలూరులో బస్సు మారి, పుట్టింటికని గుడియాత్తంలో దిగినాను.

నేను పోయేసరికి గోడ సగం పడిపోయింది. పనివాడు ఉలితో పూత రాలుస్తా ఉంటే, మెడ ఎత్తున నల్లటి టేపు చుట్టిన ముద్ద ఒకటి బయటికొచ్చింది. "మేడం, ఇదేందో చూడండి" అన్నాడు. మురళి చూసి, "పాతకాలం కేబుల్ డబ్బీ. పారెయ్యప్పా" అన్నాడు. "ఇట్లియ్యి" అని తీసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. దుమ్ముకు మూతిమీద కొంగు అడ్డం పెట్టుకుని తిన్నెమీద కూర్చున్న మా పెద్దమ్మ మునెమ్మ, "ఏం దొరికింది పాపా?" అనడిగింది. "ఏం లేదు పెద్దమ్మా, పాత ఇనుము" అన్నాను. యాభై దాటి, తలకు రంగు వేసుకునే వయసులో, పాలిటెక్నిక్‌లో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, మళ్ళీ ఆమెకే, అదే గోడ దగ్గర, ఇంకో అబద్ధం చెప్పినాను. థూ, నా బతుకు!

మునెమ్మ పెద్దమ్మ మా నాయనకు వదిన. పలమనేరు పక్క పల్లె నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి మా నాయన లాగు కూడా సరిగా కట్టుకోలేని పిల్లోడంట. ఆయనకు తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది ఈమే. మా పెద్దనాయన, మా నాయన ఇద్దరూ మేస్త్రీలు. ఒకనాడు పనిలో, ఎత్తున నిలబడడానికి కట్టిన సారం కట్టె విరిగి పెద్దనాయన కిందపడిపోయినాడు, మళ్ళీ లేవలేదు. పిల్లలు లేరు. పదకొండో రోజు కర్మ అయినాక పెద్దమ్మ మా నాయన్ను పిలిచి, "నాకు కూడు పెట్టే పని నీది కాదు నాయనా. నా చేతులు నాకుండాయి" అనింది. అప్పటికే ఆమె పేరుమీద బీడీ డిపోలో కార్డు ఉండేది, అది ఉంటేనే చుట్టడానికి ఆకు, పొగాకు ఇచ్చేవాళ్ళు. దాంట్లో ఆమె ఫోటో, ముక్కుపుడకతో, గుడ్లు ఉరిమినట్టు చూస్తా ఉండేది. ఆ కార్డును ఆమె పసుపు గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టుకునేది.

ఇల్లంతా ఆమె బీడీల వాసనే. రాత్రి ఆకును తడిగోనెలో చుట్టిపెట్టి, పొద్దున్నే రేకుముక్క అడ్డం పెట్టి కత్తెరతో కోసేది. కోసిన ఆకు, పొగాకు చేటలో పోసుకుని, చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చునిందంటే ఇంక వేళ్ళు ఆగేవి కావు. ఆకు చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, అన్నీ వేళ్ళకే తెలుసు, కండ్లు యాడో ఉండేవి. ఆ పొగాకు ఘాటు మా అమ్మకు గిట్టేది కాదు. పొద్దుకు పదిసార్లు తుమ్మేది, తుమ్మినప్పుడల్లా ఒక మాట విసిరేది. పెద్దమ్మ కూడా తక్కువ తినలేదు, "మీ ఇంటి చుట్టంగా వచ్చినానా, తుమ్మి తరమడానికి" అనేది. ఇద్దరి మధ్యా నాయన రోట్లో తలకాయ అయిపోయినాడు. ఆఖరికి పెద్దమ్మే, "నడిమిన ఒక గోడ పెట్టెయ్యి నాయనా. పొయ్యి రెండైతే మాటలు తగ్గుతాయి" అనింది. నాయన మూడు ఆదివారాలు ఒక్కడే కూర్చుని ఆ గోడ కట్టినాడు. కడతా కడతా ముక్కు చీదుకున్నాడని అమ్మ చెప్పేది. గోడ లేచినాక పెద్దమ్మ పెరట్లో తన మట్టిపొయ్యి తాను వేసుకుంది. సంగటి, చెనక్కాయల ఊరిబిండి చేసిన రోజు మాత్రం పెరటి తట్టు గోడమీది నుంచి గిన్నె అందించేది. మా గడప మాత్రం తొక్కేది కాదు. గోడ లేచినాక గోడే, అనేది.

ఆ కాలంలోనే ఊళ్ళోకి కేబుల్ వచ్చింది. అంతకుముందు మిద్దెమీద యాంటెనా తిప్పుకుంటా, "వచ్చిందా? వచ్చిందా?" అని అరుచుకునే వాళ్ళం. ఇప్పుడు ఏదో ఒక వీధిలో పెద్ద డిష్ గొడుగు పెట్టి, స్తంభం నుంచి స్తంభానికి నల్ల వైరు లాగినారు. నాయన రంగుల టీవీ తెచ్చినాడు. పేర్ణాంబట్టు రోడ్డు తోళ్ళ ఫ్యాక్టరీల నుంచి వాసన వీధిలోకి కొట్టే సాయంకాలాల్లో కూడా ఇరుగుపొరుగు మా హాల్లో వచ్చి కూర్చునేవాళ్ళు, అమ్మ మహారాణి మాదిరి అందరికీ చాపలు పరిచేది. దాంట్లో తెలుగు ఛానెల్ ఒకటి వచ్చేది. మాది తమిళనాడు, మా వాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడినా, చదివింది అరవం. తెలుగు అక్షరం మాకెవరికీ రాదు. అయినా ఆ పెట్టెలో మన మాట వినపడతా ఉంటే ఏందో పండగ మాదిరి ఉండేది. పెద్దమ్మకు మరీ. పుట్టినింటి మాట కదా. లోపలికి రమ్మంటే రాదు. చేట నడుముకు ఆనించుకుని, మా కిటికీ బయట నిలబడి, కమ్మీల్లోంచి చూస్తా బీడీలు చుట్టేది. ఒకరోజు నాయన పనినుంచి వస్తా ఆమెను అట్లా చూసినాడు. ఆ రోజు అన్నం తినలేదు.

మరుసటి పొద్దున నాయన నన్ను పిలిచినాడు. అప్పుడు నేను వేలూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతా ఉండాను. మా వీధిలో ఆ చదువు చదివే ఆడపిల్లను నేనొక్కదాన్నే, ఆ పొగరు కూడా నాకు బాగానే ఉండేది. "పాపా, సత్తువాచారిలో ఒక ఆఫీసరు ఇంటికి పని చేస్తా ఉండా. ఒకే వైరు, మూడు రూముల్లో టీవీ. నీళ్ళ పైపుకు టీ జాయింటు వేసినట్టే గదా? మన పాత నలుపు తెలుపు టీవీ అటకమీద ఉండాది. దాన్ని వదినకు ఇచ్చి, మన వైర్లోంచే ఒక పాయ లాగిస్తే?" అన్నాడు. నేను కాలు మీద కాలు వేసుకుని, "అదెంత పని నాయనా! మన బొమ్మ రవ్వంత కూడా తగ్గకుండా లాగిస్తా చూడు" అన్నాను. అమ్మ, మురళి ఇద్దరూ విన్నారు. ఆ 'రవ్వంత కూడా' అనే మాటే నా కొంప ముంచింది. నా కొంప కాదు, పెద్దమ్మ కొంప.

వేలూరులో కాలేజీ అయినాక ఒక రేడియో అంగడికి పోయినాను. అంగడాయన పెద్దాయన, అరవంలోనే ఓపిగ్గా చెప్పినాడు. రెండు డబ్బీలు బల్లమీద పెట్టినాడు. చూడ్డానికి రెండూ ఒకటే మాదిరి. "ఇది స్ప్లిట్టరు. వచ్చిన దాన్ని సమంగా రెండు చేస్తుంది. ఇది ట్యాపు. లైనును దాదాపు అట్లే ముందుకు వదిలేసి, పక్క బొక్కలో కొసరు మాత్రం ఇస్తుంది. స్తంభాల మీద కేబులోళ్ళు వాడేది" అన్నాడు. "ఏది పెడితే బొమ్మ తగ్గదు?" అన్నాను. ఆయన నవ్వినాడు. "దోసెను చించితే రెండు సగాలొస్తాయి తల్లీ, రెండు దోసెలు రావు. రెండు కావాలంటే ఇంకో గరిటె పిండి పొయ్యాల. ఆ పిండే బూస్టరు. ముందు బూస్టరు పెట్టు, దాని తర్వాత స్ప్లిట్టరు పెట్టు. వైరు మంచిది తీసుకో, పొట్టిగా లాగు, కొసలు చుట్టి టేపు వెయ్యకుండా మరలు బిగించు. రెండిండ్లూ సంతోషంగా ఉంటాయి." అంత స్పష్టంగా చెప్పినాడు. ఇంటికి పోయి, నాయనా, బూస్టరు కూడా కావాల అనింటే నాయన కాదనే మనిషి కాదు. కానీ నేను రవ్వంత కూడా తగ్గదని కూసింటిని కదా! ఇప్పుడు ఇంకో సామాను అడిగితే నా చదువు యాడ పెట్టుకోవాల? ఒట్టి స్ప్లిట్టరు కొనుక్కుని కాట్పాడి మీదుగా పోయే బస్సెక్కినాను.

ఆ సాయంకాలమే గోడకు బెజ్జం వేసి పెట్టినాను. నాయన రెండు ఇండ్లూ తిరిగి చూసినాడు. పెద్దమ్మ ఇంట్లో పాత టీవీ వెలగ్గానే, దాంట్లో తెలుగు మాట వినపడగానే, ఆమె చేట కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. దేవుడికా, నాయనకా, నాకా తెలీలేదు. నాయన మొహం ఆ పొద్దు చూడాల! మా హాల్లో మాత్రం రంగుల బొమ్మమీద సన్నగా ఉప్పు చల్లినట్టు గరగర. మాది వీధి కొస ఇల్లు, లైను అసలే అంతంతమాత్రం, దాంట్లో సగం పోయినాక ఇంకేం మిగులుతుంది? మురళి ఊరుకుంటాడా, "ఇంజనీరమ్మ లాగించింది చూడండి! రవ్వంత కూడా తగ్గలేదంట!" అని చాపమీద కూర్చున్నోళ్ళందరికీ చెప్పినాడు. అమ్మ, "పంచుకుంటే ఇంతే. ఆమెకు పెట్టబోయి మన కంట్లో మన్ను కొట్టుకున్నాము" అనింది. అందరూ నవ్వినారు. నాకు ఒళ్ళంతా మంట.

సోమవారం మళ్ళీ ఆ అంగడికే పోయి, స్ప్లిట్టరు తిరిగిచ్చి ట్యాపు ఇమ్మన్నాను. ఆయన, "మీ లైను వీధి కొసది అయితే వద్దమ్మా. పక్క బొక్కలో పెట్టినోళ్ళకు ఏమీ రాదు" అన్నాడు. "మా ఇల్లు స్తంభం పక్కనే" అన్నాను. మొదటి అబద్ధం అది. పెద్దమ్మ బీడీ కట్టలు డిపోలో ఇవ్వడానికి పోయిన సమయం చూసి డబ్బీ మార్చేసినాను. పది నిమిషాల పని. మా బొమ్మ కడిగిన అద్దం మాదిరి వచ్చేసింది. తర్వాత ఆమె ఇంట్లోకి పోయి టీవీ పెట్టి చూసినాను. మాట వినపడతా ఉంది, బొమ్మ మాత్రం ఒకటే పురుగులు. దోమతెర వెనకాల ఎవరో కదిలినట్టుంది. నిలబడి చూసినాను. తెలీక చేసినానని చెప్పుకునే వీల్లేకుండా, బాగా చూసినాను. పాత టీవీ గదా అనుకున్నాను. ముసలామెకు ఇంతకంటే ఏం కావాలలే అనుకున్నాను. అప్పుడు ఆ ముసలామెకు ఎంత వయసు? ఇప్పటి నా వయసే.

ఆదివారం నాయన తాపీ, సిమెంటు తెచ్చుకున్నాడు. మా మేస్త్రీల ఇండ్లలో ఒక పట్టుదల ఉంది. పైపు గానీ, వైరు గానీ, అతుకు గానీ కంటికి కనపడకూడదు. కనపడితే పని చేతకాదన్నట్టు. "వైర్లు గోడమీద పాకతా ఉంటే నలుగురూ నవ్వరా, ఇది మేస్త్రి ఇల్లేనా అని" అన్నాడు. గోడను గుంటగా చెక్కి, డబ్బీని దాంట్లో దూర్చి, తాపీ చేతిలో పట్టుకుని నా తట్టు తిరిగినాడు. "పాపా, బాగా చూసుకున్నావు గదా? మళ్ళా దీన్ని తీసే పని రాదు గదా? పూసేస్తానా?" అన్నాడు. "పూసెయ్యి నాయనా" అన్నాను. ఆయన పూసి, స్పాంజితో రుద్ది, సున్నం కొట్టినాడు. ఎంత బాగా చేసినాడంటే, వారం పోయినాక అది ఎక్కడుందో నాకే తెలీలేదు.

నాలుగు రోజులకు పెద్దమ్మ గోడ పక్క నుంచి, "పాపా, రొంత ఇట్లా రా" అని పిలిచింది. పోయినాను. టీవీలో తెలుగు కథ ఏదో నడస్తా ఉంది. ఒళ్ళో చేట, వేళ్ళు మాత్రం ఆగిపోయినాయి. "బొమ్మ నీకు స్పష్టంగా కనిపిస్తా ఉండాదా?" అనింది. చూసినాను. పురుగులే పురుగులు. లేదు పెద్దమ్మా, నేనే తప్పు డబ్బీ పెట్టినాను, అని చెప్పడానికి ఎన్ని మాటలు కావాల? కానీ చెప్తే గోడ పగలగొట్టాల. నాయన ఎందుకని అడుగుతాడు. మురళి నవ్వుతాడు. "బాగా కనిపిస్తా ఉండాది పెద్దమ్మా. ఎందుకు?" అన్నాను. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకుని, మళ్ళా చూసి, "ఏం లేదులే. నాకు పురుగులు పాకతా ఉన్నట్టు ఉండాది. వయసైపోతా ఉండాది గదా" అనింది.

ఆ రోజు నుంచి ఆమె తీరే మారిపోయింది. పొద్దున్నే నందివర్ధనం పూలు నీళ్ళలో వేసి కండ్లు కడుక్కునేది. ఇరుగుపొరుగు ఆడోళ్ళు బీడీలు చుట్టడానికి వచ్చినా, నాయన తొంగిచూసినా టీవీ ఆపేసేది. ఆమెకు కండ్లు తగ్గినాయని ఎవరి నోటనైనా డిపోలో తెలిస్తే ఆకు ఇయ్యరని భయం. ఒకరినొకరు అడిగింటే, నీకు కనిపిస్తా ఉండాదా, నాకు లేదే అని చెప్పుకునింటే, నా అబద్ధం ఒక్క పూట నిలబడేది కాదు. ఆ భయమే నన్ను కాపాడింది. ఆకు కోసేటప్పుడు ప్రతి ఆకునూ వెలుతురుకు పెట్టి రెండుసార్లు చూసేది. పది బీడీలు చుట్టే వేళకు మూడు చుట్టేది. కంటిమీద నమ్మకం పోయినాక ఆ చెయ్యి కూడా వణకడం మొదలుపెట్టింది. డిపోలో కట్టలు వెనక్కి రావడం మొదలైంది. ఆమె బీడీలు అంతకుముందు ఒక్కటి కూడా తిరిగొచ్చి ఎరగవు.

నాయనకు ఈ సంగతి తెలిసి, "పాపతో వేలూరు పోయి కండ్లు చూపించుకో వదినా, ఆ ఊరు పాపకు తెలుసు" అన్నాడు. ఎవరితో పంపినాడో చూడండి! ఒక పొద్దున మామిడిపండు రంగు చీర కట్టుకుని, తలకు నూనె పెట్టుకుని, నాతో బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, దోవలో ఒక కొండ తట్టు వేలు పెట్టి, "అదో చూడు పాపా, కొండమీద మేకలు. ఏడుండాయి. కాదు, రాతి వెనకాల ఇంకోటి, ఎనిమిది" అనింది. నాకు చుక్కలు మాదిరిగా కనిపించినాయే గానీ మేకలని తెలీలేదు. "అంత దూరంలో మేక కనిపిస్తా ఉండాది, ఎదురుగా ఉండే బొమ్మ కనపడదు. ఇదేం రోగమో తల్లీ" అనింది. నేను ఆస్పత్రి చీటీ వెతుకుతున్నట్టు బ్యాగులో తల దూర్చినాను.

కంటి డాక్టరు రకరకాలుగా చూసి, "అమ్మా, కణ్ణు నల్లా ఇరుక్కు" అన్నాడు. కండ్లు బాగుండాయి, నీ వయసుకు ఇంత మంచి కండ్లు ఉండవు, సన్నపనికి ఒక అద్దం పెట్టుకో చాలు, అన్నాడు. నాకు ఊపిరొచ్చింది. అబ్బ, డాక్టరే చెప్పేసినాడు, నేను చెప్పే పని లేకుండా పోయింది అనుకున్నాను. బయట మెట్ల దగ్గర పెద్దమ్మ చెప్పులు తొడుక్కుంటా, "డాక్టరుకేం తెలుసు పాపా! ఆయన మా టీవీ చూసినాడా? నువ్వు చూసినావు. స్పష్టంగా ఉండాదని నీ నోటితో చెప్పినావు. నువ్వు నాకెందుకు అబద్ధం చెప్తావు?" అనింది. ఆమె నా మొహంలోకి చూస్తా అడగలేదు. అది ప్రశ్న కూడా కాదు. చదువుకున్న బిడ్డ చెప్పింది, ఇంక డాక్టరెందుకు అన్నట్టు. నేను ఆమె సంచి అందుకుని ముందు నడిచినాను. బస్టాండులో ఆమె తాటిముంజలు కొని, తన గోటితో తొక్క తీసి ఒక్కొక్కటీ నా చేతిలో పెట్టింది. అన్నీ తిన్నాను. అది కూడా రాయాల గదా, అందుకే రాస్తా ఉండాను.

ఆ వారంలోనే పసుపుగుడ్డ విప్పి కార్డు తీసుకుపోయి డిపోలో ఇచ్చేసింది. "వాళ్ళు పొమ్మనే ముందు నేనే పోవడం మర్యాద" అనింది. ఎన్నో ఏండ్లుగా ఆమె చుట్టిన ఆకు పక్కవీధి మనిషికి పోయింది. ఆ తర్వాత తన పొయ్యి వెలిగించడానికి ఏముంది? మా అమ్మ, పాపం, ఆ విషయంలో మంచిదే, "ఇంక రెండు పొయ్యిలెందుకక్కా, ఇక్కడే తిను" అనింది. గడప తొక్కనన్న మనిషి గడప తొక్కి, మా వంటింటి వాకిలి పక్కన గోడకు ఒదిగి కూర్చుని తినేది. రెండోసారి అన్నం కావాలని ఒక్కరోజు అడగలేదు. గిన్నెలో చారు ఉన్నా కంచంలో పోసిందే చాలనేది. ఒక వానాకాలంలో పెరట్లో ఆమె మట్టిపొయ్యి కరిగి కుప్పైపోయింది, ఎవరూ మళ్ళీ వెయ్యలేదు. మా టీవీ తట్టు వీపు పెట్టి కూర్చునేది. "యాల పాపా, కనపడనిదాన్ని చూసి బాధపడడం" అనేది. ఒక్కసారి, ఒక్కసారి తల తిప్పి చూసింటే తెలిసిపోయేది. తిప్పుతుందేమోనని ప్రతిరోజూ ఆమెకూ టీవీకీ నడిమినే కంచం పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఇంకో సిగ్గుమాలిన సంగతి ఉంది. నేను తెలుగు చదవడం, రాయడం నేర్చుకుంది ఆ టీవీలోనే. తిరుపతి నుంచి ఎవరో తెచ్చిన పిల్లల పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుని, తెరమీద వచ్చే అక్షరాలు, చదివేవాళ్ళ మాట, రెండూ జత చేసుకుంటా నేర్చుకున్నాను. బొమ్మ అంత శుభ్రంగా లేకుంటే తలకట్టు ఏదో, కొమ్ము ఏదో తెలిసేది కాదు. ఈ రోజు ఇంత తెలుగు రాస్తా ఉండానంటే అది ఆ గోడ అవతల తగ్గించి ఇవతల పెంచుకున్న బొమ్మ వల్లే. నన్ను మెచ్చుకుంటా, మీ తట్టు వాళ్ళకు లిపి రాదు గదమ్మా, మీకెట్లా వచ్చింది అని అడిగినోళ్ళకు పట్టుదల అని చెప్పేదాన్ని.

ఎందుకు చెప్పలేదు ఇన్నేండ్లూ? మొదట భయం. తర్వాత నా ఉద్యోగం, పెండ్లి. తర్వాత నాయన పోయినాడు, అమ్మ పోయింది. ఆ వైరు పోయి ఇంటింటికీ డిష్ గొడుగులొచ్చినాయి, పాత టీవీని ఇనప సామానోడికి వేసేసినారు. బయటపడే దోవలన్నీ వాటంతటవే మూసుకుపోయినాయి, నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. క్లాసులో మాత్రం ఏటా ఈ పాఠం వస్తుంది. బోర్డుమీద ఒక గీత రెండుగా చీల్చి, దోసె కథ చెప్తాను. పిల్లలు నవ్వుతారు. ఏ డబ్బీ పెట్టినా ఏదో ఒక తట్టు తగ్గాల్సిందే, అది ఎవరి తట్టో పెట్టేవాళ్ళ చేతిలో ఉంటుంది, అని చెప్తా, వాళ్ళ తట్టు తిరగకుండా బోర్డు తుడుస్తాను.

గోడ కొట్టినాక మూడు వారాలు ఆ డబ్బీ నా బ్యాగులోనే తిరిగింది. తుప్పు రాలి టిఫిన్ డబ్బా మూత మీద కూడా పడింది. నాలుగో ఆదివారం మళ్ళీ గుడియాత్తం పోయినాను. గోడ పోయి హాలు పెద్దదైంది, మురళి గోడంత టీవీ పెట్టినాడు. అంత పెద్దదైతే కనపడుతుందేమోనని పెద్దమ్మ దాని ఎదురుగానే కుర్చీలో కూర్చునింది. ఇప్పుడు ఆమెకు ఎనభై దాటినాయి, కండ్లకు నిజంగానే పొర వచ్చింది, ఆపరేషనంటే ఒప్పుకోదు. మురళి పెండ్లాం సుమతి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తా ఉంది. నేను పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని డబ్బీని ఆమె చేతిలో పెట్టినాను. మొత్తం చెప్పినాను. రవ్వంత కూడా అన్న మాట నుంచి తాటిముంజల దాకా, ఒక్కటీ దాచుకోలేదు. చెప్తా చెప్తా ఏడ్చినాను. సుమతి చేతులు ఆగిపోయినాయి.

పెద్దమ్మ డబ్బీని వేళ్ళతో తడిమింది. బీడీలు చుట్టీ చుట్టీ కాయ కాచిన బొటనవేలితో ఒక్కొక్క బొక్కనూ ముట్టి చూసింది. "ఏది మీది, ఏది నాది?" అనింది. చూపించినాను. పక్క బొక్క మీద వేలు పెట్టింది.

"అంటే ఆ పొద్దు నా కండ్లు బాగానే ఉండాయా?"

"బాగానే ఉండాయి పెద్దమ్మా. డాక్టరు చెప్పింది నిజమే."

"మేకలు ఎనిమిది" అనింది. తర్వాత, కోపం లేకుండా, "అయితే కార్డు ఇచ్చేసే పనే లేదు గదా పాపా" అనింది.

తిట్టింటే బాగుండు. చెయ్యెత్తి కొట్టింటే ఇంకా బాగుండు. క్షమించు పెద్దమ్మా అన్నాను. ఆమె డబ్బీని నా చేతిలో తిరిగి పెట్టి, నా తలమీద చెయ్యి వేసింది, ఎప్పుడూ వేసినట్టే. సుమతిని, పాపకు కాఫీ పెట్టివ్వు అనింది. క్షమించినానని అనలేదు, లేదనీ అనలేదు. కాఫీ తాగినాను. టీవీలో ఏదో పాటల కార్యక్రమం నడస్తా ఉంది. పెద్దమ్మ కండ్లు చికిలించి ముందుకు వంగింది, కొంగుతో కండ్లు తుడుచుకుంది, మళ్ళా చూసింది. నేను ఆమె మోకాలికి ఆనుకునే కూర్చుని ఉండాను. ఆమె నన్ను దాటి, తల అటు తిప్పి, వంటింటి వాకిట్లో నిలబడిన సుమతిని పిలిచింది.

"అమ్మా సుమతీ, బొమ్మ స్పష్టంగా ఉండాదా? నువ్వు చూసి చెప్పు."